సీసాలో ఎవరున్నారు?

సారా దుకాణం మూయించిన ఇంట్లో పుట్టిన మనిషి వైన్ సీసా బహుమతిగా ఇవ్వొచ్చా? ఇస్తే ఆ పుణ్యమో పాపమో ఎవరి ఖాతాలో పడుతుంది? మా ఆయన లెక్కలో ఇది ధర్మసందేహమే కాదు, డిసెంబరు నెల ఖర్చుకు సంబంధించిన సందేహం. నలభై దిర్హాముల సీసా సరిపోతుందా, అరవై పెట్టాలా అన్నంతవరకే ఆయన ఆలోచన. నాకు అంత తేలిగ్గా తెగదు. నేను పుట్టింది నెల్లూరు జిల్లా కలిగిరి దగ్గర ఒక పల్లెలో. దూబగుంట మాకు పక్క ఊరి కిందే లెక్క. ఇప్పుడుంటున్నది అబుదాబి ఊరికి వెలుపల, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో, మనవాళ్ళంతా షాబియా అని పిలిచే వీధుల్లో. కిటికీ తీస్తే మినారు కనిపిస్తుంది. పెద్ద రోడ్డు దాటితే ముసఫ్ఫా కార్ఖానాలు, ఆ పక్కనే చర్చీలు. ఇక్కడి ఇండియన్ స్కూళ్ళలో ఒకదాంట్లో పదకొండు, పన్నెండు తరగతులకు కెమిస్ట్రీ చెప్తాను. చక్కెర మీద ఈస్టు పనిచేస్తే ఇథనాల్, కార్బన్ డయాక్సైడ్ వస్తాయని బోర్డు మీద సమీకరణం రాస్తుంటే ఏ మతం పిల్లలకూ అభ్యంతరం ఉండదు. బోర్డు మీద ఉన్నంతసేపు అది పదార్థం. సీసాలోకి దిగి, రంగు కాగితం చుట్టుకుని, ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్ళేటప్పుడే దానికి పాపపుణ్యాలు అంటుకుంటాయి.

నేను అసలు ముట్టనని చెప్పను. మా ఆయన తెరిచిన సీసాలోంచి అరగ్లాసు రుచి చూస్తాను. ఏది వగరు, ఏది పులుపు, ఏది ఉత్త తీపి అని చెప్పగలిగేంత నాలుక వచ్చింది. కాబట్టి ఇది ముట్టనివాళ్ళు ముట్టేవాళ్ళకు చెప్పే సుద్దులు కాదు.

1992లో నాది ఏడో తరగతి. అమ్మ అక్షరదీపం రాత్రిబడికి వెళ్ళేది. ఆ వాచకంలో సీతమ్మ కథ ఉండేది. అక్షరాలు దిద్దించడానికి రాసిన పాఠం. ఆడవాళ్ళు కూడబలుక్కుని ఊళ్ళో సారా లేకుండా చెయ్యొచ్చన్న సంగతి అందులో ఉంది. చదివినవాళ్ళు దాన్ని పాఠంగా వదిలెయ్యలేదు. దూబగుంటలో మొదలైంది జిల్లా అంతా పాకింది. దాన్ని ముందుండి నడిపిన వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతటా తెలిసింది. మా ఊళ్ళో అమ్మా, పిన్నీ, చాకలి సుబ్బక్క వరసవాళ్ళూ చీపుర్లు, కారప్పొడి పట్టుకుని దుకాణం ముందు కూర్చున్నారు. అంతకుముందు 1980లలో ప్రభుత్వమే సారాను పాలిథిన్ ప్యాకెట్లలో పోసి ఊరూరికీ చేర్చింది. ఆ పథకానికి ‘వారుణి వాహిని’ అని పేరు. పాలసముద్రం చిలికినప్పుడు పుట్టిన మద్యదేవత వారుణి. ఆ పేరు ఎంచిన అధికారి ఎవరోగానీ పురాణం శ్రద్ధగా చదువుకున్నవాడు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం. 1997కల్లా దాన్ని ఎత్తేశారు. ఆ తర్వాత కథ మీకందరికీ తెలిసిందే.

నాకు బాగా గుర్తున్న సంగతి ఒకటుంది. అమ్మావాళ్ళు ఎవరూ మద్యమనే పదార్థం భూమ్మీద లేకుండా పోవాలని అడగలేదు. మా ఊరి పోలేరమ్మకు కొలుపుల్లో కల్లు పోసేవాళ్ళు, అందులో వాళ్ళకు తప్పు కనపడలేదు. వాళ్ళు అడిగింది పాటలు ఆపమని. సారా పాటలంటే వేలంపాటలు. ఎవరు ఎక్కువ పాడితే వాళ్ళకు దుకాణాలు, పాడిన సొమ్ము రాబట్టుకోవాలంటే కూలి డబ్బు ఇంటికి చేరకముందే దారికాచి లాక్కోవాలి. ఎంత తక్కువ ధర పెడితే అంత తేలిగ్గా లాగొచ్చు. ప్యాకెట్ చవక అవడం వెనక ఉన్న లెక్క అదే. మా నాన్న కూలి ఆ లెక్కలోనే కరిగేది.

ఇప్పుడు ఇక్కడ, మంచి వైన్ తక్కువ ధరకు దొరికితే దాన్ని కనిపెట్టినవాడి తెలివిని మెచ్చుకుంటాం. ‘నలభై ఐదుకే ఇంత బాగుందా!’ అని సీసా తిప్పి చూస్తాం. సారా చవకైతే కొంపలు ముంచేది, వైన్ చవకైతే అభిరుచి! రెంటిలో ఉన్న ఇథనాల్ ఒకటే, పాళ్ళు తేడా. వైన్‌లో నూటికి పన్నెండు, పదమూడు వంతులు. నలభై ఐదు దిర్హాములు మా ఇంట్లో శుక్రవారం రాత్రి ఖర్చు. రోడ్డుకు అవతల కార్ఖానాలో నెలకు వెయ్యి దిర్హాములకు పనిచేసే మనిషికి అది ఒక రోజుకు మించిన కష్టం. ‘అందుబాటు ధర’ అన్నమాట విన్నప్పుడల్లా ఎవరి జేబుకు అని అడగాలనిపిస్తుంది. అడిగితే విందులు పాడవుతాయి కాబట్టి ఎక్కువసార్లు నోరు మూసుకుంటాను.

మన శాస్త్రాలు ఏమన్నాయని చూస్తే సమాధానం గట్టిగానే ఉంది. మనువు సురాపానాన్ని మహాపాతకాల్లో వేశాడు. బౌద్ధంలో అయిదో శీలం మత్తు పదార్థాలకు దూరంగా ఉండమంటుంది. అదే చేత్తో పురాణం చండికమ్మ చేత మధువు తాగించి మహిషాసురుణ్ణి చంపించింది, బలరాముడికి మద్యమంటే ప్రీతి అని దాచకుండా చెప్పింది, ప్రభాసతీర్థంలో యాదవులు తాగి ఒకళ్ళనొకళ్ళు చంపుకున్నారనీ చెప్పింది. వీటిలో మనకు నచ్చినది ఏరుకుని వాదించుకోవచ్చు. మా ఆయన స్నేహితులు బలరాముణ్ణి ఏరుకుంటారు.

నేను మాత్రం కచుడి దగ్గర ఆగిపోతాను. ఆదిపర్వంలోని కథే, చిన్నప్పుడు హరికథల్లో వినే ఉంటారు. మృతసంజీవని నేర్చుకోవడానికి దేవతలు బృహస్పతి కొడుకును శుక్రాచార్యుల దగ్గరికి పంపారు. రాక్షసులు అతణ్ణి చంపుతూ ఉంటే శుక్రుడి కూతురు దేవయాని ఏడుస్తుంది, శుక్రుడు బతికిస్తాడు. చివరికి వాళ్ళు కచుణ్ణి కాల్చి, బూడిద చేసి, ఆ బూడిదను సురలో కలిపి గురువుగారికే ఇచ్చారు. ఆయన తాగేశాడు. కడుపులోంచి శిష్యుడి గొంతు వినిపించింది. బతికిస్తే గురువు పొట్ట చీలాలి, బతికించకపోతే కూతురు బతకదు. చివరికి కడుపులో ఉన్నవాడికే మంత్రం ఉపదేశించి, వాడు చీల్చుకుని బయటికొచ్చి తనను బతికించేలా ఏర్పాటు చేసుకున్నాడు. తర్వాత కోపం వచ్చి, ఇక మీదట మద్యం ముట్టిన బ్రాహ్మణుడికి బ్రహ్మహత్యా పాపం చుట్టుకుంటుందని శపించాడు.

ఈ తీర్పు నాకు నచ్చదు. పెద్దవాళ్ళ మాట కాబట్టి నచ్చాలని లేదు కదా. బూడిద కలిపినవాళ్ళను మూర్ఖులని తిట్టి వదిలేసి, పుట్టబోయే తాగుబోతుల మీద శాపం పెట్టాడు. సారా పాటలు పాడినవాళ్ళు పెద్దమనుషులుగా మిగిలిపోయి, రోడ్డు పక్కన పడ్డవాడే పాపి అయినట్టు. కానీ కథలోని అసలు సంగతి శాపం కన్నా పెద్దది. అది బహుమతిగా వచ్చిన మద్యం. శిష్యులు భక్తితో ఇచ్చిన పాత్ర. ఇచ్చినవాళ్ళకు అందులో ఎవరున్నారో తెలుసు, పుచ్చుకున్నవాడికి తెలియదు. తెలియకపోవడం ఆయన్ను కాపాడలేదు, పొట్ట చీలింది. వైన్ ఇచ్చేటప్పుడు నన్ను వెంటాడే ప్రశ్న ఇక్కడినుంచి వచ్చింది. మత్తు ఎంత పాలు ఉందన్నది సీసా మీదే రాసి ఉంటుంది. అందులో ఎవరు కలిసిపోయారన్నది రాసి ఉండదు.

ఇది ఉపమానంగా అంటున్న మాట కాదు. ఇక్కడి దుకాణాల్లో తక్కువ ధరకు దొరికే తెల్ల వైన్లలో నాకు నచ్చినది దక్షిణాఫ్రికా చెనిన్ బ్లాంక్. పులుపు బాగా ఉంటుంది, పండు వాసన ఉంటుంది, ముప్పై అయిదు, నలభై నుంచీ దొరుకుతుంది. ఆ దేశపు కేప్ ప్రాంతంలో, ద్రాక్షతోటల్లో, తరాల పాటు కూలీలకు జీతంలో ఒక భాగం వైన్ రూపంలోనే ఇచ్చేవాళ్ళు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రోజులో ఇన్నిసార్లని డబ్బాలతో కొలిచి పోసేవాళ్ళు. దాన్ని డాప్ పద్ధతి అంటారు. 1960లలో చట్టం వద్దన్నా తోటల్లో చాలా ఏళ్ళు సాగింది. తల్లి తాగిన మద్యం వల్ల కడుపులో బిడ్డ ఎదుగుదల దెబ్బతినడం అనే జబ్బు ప్రపంచంలో నమోదైనచోట్లలో అతి ఎక్కువగా ఉన్నది ఆ ప్రాంతంలోనే. చదివిన రోజున నాకు మా ఊరి దుకాణం అరుగు కళ్ళముందు కదిలింది. ఇక్కడ కూలీ జేబులోంచి కూలి లాక్కున్నారు, అక్కడ ఆ శ్రమ కూడా లేకుండా కూలినే మద్యం చేశారు. కచుడి బూడిద అంటే ఇదే.

అలాగని ఆ దేశపు సీసాలన్నీ వెలివేస్తే ఇవాళ ఆ తోటల్లో పనిచేస్తున్నవాళ్ళకు ఒరిగేదేమీ లేదు. దక్షిణాఫ్రికాలో 2002 నుంచి వియేటా అనే సంస్థ తోటల్లో పని పరిస్థితులు చూసి ధ్రువీకరిస్తోంది. ఫెయిర్‌ట్రేడ్ గుర్తుతో వచ్చే వైన్ ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా ఆ దేశంనుంచే వస్తోంది. కాబట్టి నేను సీసా వెనక చీటీ చదువుతాను, మెడ మీద ముద్ర వెతుకుతాను. దుకాణంలో కుర్రాడు ‘మేడమ్, ఏ సంవత్సరం పంట కావాలి?’ అని అడుగుతాడు. పంట సంగతి తర్వాత నాయనా, కోసినవాళ్ళ సంగతి చూడనీ. ముద్ర ఉంటే అన్నీ సవ్యంగా ఉన్నట్టేనా అంటే, కానక్కర్లేదు. ముద్రలు వేసేవాళ్ళు కూడా మనుషులే. అయినా అడగకుండా కొనడానికీ, అడిగి కొనడానికీ తేడా ఉందని నా నమ్మకం. శుక్రుడు అడగలేదు.

ఇక ఇవ్వడం సంగతి. దానానికి దేశం, కాలం, పాత్రం చూడమని గీత పదిహేడో అధ్యాయం చెప్తుంది. తిరిగి ఉపకారం చెయ్యలేనివాళ్ళకు ఇచ్చేదే సాత్త్వికమని కూడా అంటుంది. ఆ లెక్కన డిసెంబరులో మేము ఇచ్చిపుచ్చుకునేవన్నీ రాజసమే, కేకు వస్తుందని తెలిసే సీసా ఇస్తాం. ఆ సంగతి ఒప్పుకుని ముందుకు పోదాం. నాకు పనికొచ్చేవి ఆ మొదటి మూడు మాటలు.

దేశం చూస్తే, ఇది ఇస్లాం రాజ్యం. 2020లో అబుదాబిలో మద్యం కొనడానికి వ్యక్తిగత లైసెన్సు అక్కర్లేదన్నారు. ఇరవయ్యొక్క ఏళ్ళు నిండినవాళ్ళు కొనుక్కుని ఇంట్లో తాగితే నేరం కాదు. వీధిలో తాగితే, తాగి బండి నడిపితే నేరం. షార్జాలో మద్యం మీద నిషేధం ఉంది. చట్టం ఇంతవరకు చెప్పి ఊరుకుంటుంది, మర్యాద అక్కడినుంచి మొదలవుతుంది. ఒక ఉదాహరణ చెప్తాను. సీసా కొన్నాక నేను టాక్సీ ఎక్కను. ఇస్లాం సంప్రదాయంలో మద్యం విషయంగా శాపానికి గురయ్యేవాళ్ళు పదిమందని ప్రవక్త మాటగా చెప్తారు. తాగేవాడొక్కడే కాదు, పిండేవాడు, పోసేవాడు, అమ్మేవాడు, కొనేవాడు, దాని సొమ్ము తినేవాడు, మోసేవాడు కూడా. ఇక్కడ టాక్సీ నడిపే అన్నల్లో చాలామంది పెషావర్ నుంచో చిట్టగాంగ్ నుంచో వచ్చినవాళ్ళు. సంచీలో ఏముందో చెప్పకుండా ఆయన చేత మోయిస్తే, ఆయన నమ్మకం ప్రకారం ఆయన్ను ఆ పదిమందిలో చేర్చినట్టే కదా. చెప్పకుండా కలపడం రాక్షసుల పని. ‘ఇంత ఆలోచిస్తే టాక్సీలో పంది మాంసం పచ్చడి కూడా తీసుకెళ్ళకూడదు’ అని మా ఆయన వాదన. నిజమే, తీసుకెళ్ళకూడదు. ఆయనే కారు నడిపి తీసుకొస్తాడు, సీసా డిక్కీలో పెడతాం, ఎండాకాలమైతే దారిలో ఎక్కడా ఆగం. బయట నలభై అయిదు డిగ్రీలుంటే ఆపిన కారులో వైన్ ఉడికి జామ్ వాసన వేస్తుంది. బిల్డింగ్ కాపలా చూసే నాతూర్ చేతికి కూడా ఆ సంచీ ఇవ్వను. ఉల్లిపాయల బస్తా ఆనందంగా మోసిపెట్టే మనిషి ఆయన.

ముస్లిం స్నేహితుడికి వైన్ ఇవ్వొచ్చా అన్నది ఇంకా చిక్కు ప్రశ్న. మా ఆయన సహోద్యోగి ఒకాయన తాగుతాడు, మా దగ్గర ఆ సంగతి దాచడు కూడా, మాతో అన్నాడు: ‘వదినా, నాకూ ఒక సీసా రాసిపెట్టు.’ నేను ఇవ్వలేదు. మా ఇంటికొచ్చి తాగితే అది ఆయనకూ ఆయన దేవుడికీ మధ్య విషయం. నేను ఇచ్చిన సీసా ఆయన ఇంటికి పోతే, భార్య కంట పడకుండా, వాళ్ళమ్మ కంట పడకుండా ఎక్కడో దాచాలి. దాచుకోవాల్సిన వస్తువు ఇస్తే బరువు మోపినట్టే తప్ప బహుమతి ఇచ్చినట్టు కాదు. ఖురాన్ కూడా మద్యాన్ని ఒక్కసారిగా కొట్టిపారెయ్యలేదని ఆయనే నాకు చెప్పాడు. మొదట అందులో కొంత లాభం, అంతకన్నా ఎక్కువ పాపం ఉన్నాయంది. తర్వాత మత్తులో నమాజుకు రావద్దంది. ఆ తర్వాతే పూర్తిగా మానమంది. స్వర్గంలో మాత్రం మద్యపు నదులున్నాయని చెప్తుంది. ‘అక్కడ తాగుదువులే’ అన్నాను. నవ్వాడు. ఆ ఏడు రంజానుకు వాళ్ళింటికి విమ్టో సీసాలు పంపాను.

విమ్టో గురించి ఒక మాట చెప్పి తీరాలి. గల్ఫ్‌లో ఇఫ్తార్ బల్ల మీద అది లేకుండా ఉండదు, ద్రాక్ష, రాస్ప్‌బెర్రీ, బ్లాక్‌కరంట్ పళ్ళ రసాలు కలిపిన చిక్కటి ఊదా రంగు షర్బత్. దాన్ని 1908లో మాంచెస్టర్‌లో జాన్ నోయెల్ నికల్స్ అనే ఆయన తయారుచేశాడు, ఇంగ్లండులో క్రైస్తవ మద్యవిరోధ ఉద్యమం జోరుమీదున్న రోజుల్లో, సారాయి బదులు తాగడానికి. పబ్బుకు పోకుండా ఉండాలనుకున్న ఇంగ్లీషు కార్మికుడి పానీయం అరబ్బుల ఉపవాస విరమణకు వచ్చి చేరింది. మతాలు ఒకదాని గ్లాసులో ఒకటి ఇంత సులువుగా తాగగలవని వేదాంత గ్రంథాలు చదివితే అర్థం కాదు.

అలాగే క్రైస్తవులు కదా అని ఎవరికి పడితే వాళ్ళకు వైన్ ఇచ్చేయడం మన హిందువుల అమాయకత్వం. ఒంగోలు, నెల్లూరు వైపు బాప్టిస్టు ఇళ్ళలో మద్యం గడప దాటదు. ప్రభువు బల్ల దగ్గర కూడా పులియని ద్రాక్షరసమే. ఆ అలవాటు వెనక 1869 నాటి ఒక అమెరికన్ పళ్ళ డాక్టరు ఉన్నాడు, థామస్ వెల్చ్. రసాన్ని వేడిచేసి ఈస్టును చంపేస్తే పులియదని పాశ్చర్ చెప్పినది పట్టుకుని, చర్చిలో వైన్ బదులు వాడటానికి సీసాల్లో పట్టాడు. అదే క్యాథలిక్ పూజలో అయితే నిజమైన, చెడని ద్రాక్ష వైన్ ఉండి తీరాలని చర్చి చట్టం. ఒకే ప్రభువు, ఒకే భోజనం, రెండు రకాల గిన్నెలు. మా స్కూల్లో ఒంగోలు అమ్మాయి ఒకామె పనిచేస్తుంది. ఆమెకు క్రిస్మస్‌కు నేతి అరిసెలు ఇస్తాను. సీసా ఇస్తే ఆమె నాన్నగారి ప్రార్థనలన్నిటినీ ఎగతాళి చేసినట్టు ఉంటుంది.

సీసా వెళ్ళేది పై అంతస్తు మంగుళూరు ఆంటీకి. నర్సుగా చేసి రిటైరయి కొడుకు దగ్గర ఉంటోంది. ఆదివారాలు ముసఫ్ఫాలో 2015లో తెరిచిన సెయింట్ పాల్ చర్చికి వెళ్తుంది. 2019 ఫిబ్రవరి 5న పోప్ ఫ్రాన్సిస్ జాయెద్ స్పోర్ట్స్ సిటీలో పూజ చేసినప్పుడు ఆవిడ తెల్లవారుజామున బస్సెక్కి వెళ్ళింది. అరేబియా గడ్డమీద ఒక పోప్ అడుగుపెట్టడం అదే మొదటిసారి. వీధిలో తాగితే కేసు పెట్టే దేశంలో లక్షమందికి పైగా జనం ముందు ఆరుబయట వైన్ గిన్నె పైకెత్తారు, ఎవరూ దాన్ని మద్యం అనుకోలేదు. ఇదేమీ ఈ నేలకు కొత్త కూడా కాదు. అబుదాబికి పడమట సర్ బని యాస్ దీవిలో 1992లో పాత క్రైస్తవ మఠం శిథిలాలు దొరికాయి. ఉమ్ అల్ కువైన్‌లోని సినియా దీవిలో ఇంకొక మఠం బయటపడిందని 2022 నవంబరులో ప్రకటించారు. అందులో రొట్టెలు కాల్చే పొయ్యి, పూజ వైన్ కోసం కట్టినట్టున్న ఏర్పాటు ఉన్నాయి. ఒకే ఇసుకలో, కాలాన్ని బట్టి, మనిషిని బట్టి ఆ ద్రవం ఏమిటన్నది మారుతూ వచ్చింది.

ఆంటీ నాకు కానా పెళ్ళి కథ తన పద్ధతిలో చెప్పింది. నేను సువార్తలో చదివి చూసుకున్నాను, ఆవిడ ఏమీ కలపలేదు. పెళ్ళివిందులో ద్రాక్షారసం అయిపోయింది. పిల్లవాడి తరఫువాళ్ళ పరువు పోతుంది. తల్లి చెప్తే యేసు కాళ్ళూ చేతులూ కడుక్కునే నీళ్ళ బానలు ఆరింటిని నింపించాడు. నీళ్ళు వైన్ అయ్యాయి. లెక్క కడితే అయిదారు వందల లీటర్లు వస్తాయి. టీచర్ని కదా, లెక్క కట్టకుండా ఉండలేను. నన్ను ఆకట్టుకున్నది అద్భుతం కాదు, తర్వాత జరిగింది. విందు పెద్ద రుచి చూసి, మంచిది చివరిదాకా దాచావే అని పెళ్ళికొడుకును మెచ్చుకున్నాడు. ఎవరిచ్చారో వడ్డించేవాళ్ళకు తెలుసు, పెద్దకు తెలియదు. ఇచ్చినవాడు నోరు విప్పలేదు. శుక్రుడి పాత్రలోనూ రహస్యం ఉంది, కానా బానల్లోనూ రహస్యం ఉంది. ఒకచోట దాచింది చచ్చినవాణ్ణి, ఇంకొకచోట దాచింది ఇచ్చినవాడి పేరును. మద్యం బహుమతుల గురించి నాకు తెలిసిన తేడా అంతా ఈ రెండు కథల మధ్యనే ఉంది. నా పేరు రాసిన చీటీ సీసా మెడకు కట్టడం అప్పటినుంచి మానేశాను. ఎవరు పెట్టారో ఆంటీకి తెలియక కాదులెండి, తలుపు ముందు అరిసెల డబ్బాతో పాటు ఉంటుంది.

ఆవిడకు లెబనాన్ వైన్ ఇస్తాను, షాతో క్సారా. బెకా లోయలో 1857లో జెసూట్ సన్యాసులు మొదలుపెట్టిన తోట. ఇప్పుడు సన్యాసుల చేతిలో లేదు. వాళ్ళ ఎర్ర వైన్లలో చవకైన ఒకదానికి కాన్వెంటు పేరే ఉంది, రిజర్వ్ దు కువాన్. నేను కొనే మిగతా సీసాలకన్నా పది, ఇరవై దిర్హాములు ఎక్కువే, కానీ అరబ్బు నేల మీద క్రైస్తవ సన్యాసులు నాటిన తీగ అని చెప్తే ఆవిడ ముఖం చూడాలి. మనవాళ్ళ ఇళ్ళకు భోజనానికి వెళ్తే మాత్రం ఎర్ర వైన్ తీసుకెళ్ళను. ద్రాక్షతొక్కలోని టానిన్ల వగరు మన కారంతో కలిస్తే నోరు మండుతుంది, ఆల్కహాల్ పాలు ఎక్కువైన కొద్దీ మంట ఎక్కువ. వంజరం ముక్కలతో మామిడికాయ వేసి పెట్టిన నెల్లూరు చేపల పులుసుకు కావాల్సింది పులుపున్న తెల్ల వైన్. ముద్ర చూసి కొన్న చెనిన్ బ్లాంక్ సరిగ్గా కుదురుతుంది. పోర్చుగల్ వారి విన్యో వెర్దే ఇంకా తేలిక, ఆల్కహాల్ కూడా తక్కువ. ఎప్పుడూ రుచి చూడని అత్తగార్లకు, కుతూహలం ఉండి అడగలేని పిన్నులకు ఇటలీ మోస్కాటో దాస్తి బాగుంటుంది. తియ్యగా, సన్నటి బుడగలతో, నూటికి అయిదు పాళ్ళే. పెళ్ళిరోజులకు షాంపేన్ పేరు కోసం డబ్బు తగలెయ్యకుండా, అదే పద్ధతిలో సీసాలోనే రెండోసారి పులియబెట్టే స్పెయిన్ కావా కొనొచ్చు. మరమూత చూసి చవకబారుదని అనుకోకండి, బిరడా కంటే అది నమ్మకమైనదే. ఎర్రదైనా సరే ఇక్కడి గది వేడికి వదలకుండా అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి.

కిందటి చలికాలం అమ్మ విజిటింగ్ వీసా మీద వచ్చింది. ఇప్పటిదాకా రాసిన ధర్మపన్నాలన్నిటికీ అసలు పరీక్ష అదే. దాచుకోవాల్సినది బహుమతి కాదని ఇంకొకరికి చెప్పినదాన్ని, అమ్మ వస్తోందని సీసాలు అటక మీదికి ఎక్కిస్తే ఎట్లా? మా ఆయన ఎక్కిద్దామన్నాడు. నేను ఒద్దన్నాను. వంటగది అలమారలో నూనె డబ్బా పక్కన రెండు సీసాలు ఎప్పుడూ ఉండేచోటే ఉన్నాయి. వచ్చిన మర్నాడే చూసింది. కోపగించుకోలేదు. సీసా తీసి, బరువు చూసి, ‘ఇక్కడ పాట ఎవురు పాడినారు?’ అంది.

చెప్పాను, ఇక్కడ పాటలు లేవమ్మా, ప్రభుత్వం అనుమతిచ్చిన కంపెనీల దుకాణాలు ఉన్నాయి అని. ‘అంటే పాడినారు గదా’ అంది. దక్షిణాఫ్రికా తోటల సంగతి, కూలి బదులు వైన్ పోసిన సంగతి, ముద్ర సంగతి అంతా చెప్పాను. చివరిదాకా విని, ‘ఆ ముద్ర ఏసేవాళ్ళల్లో తోటలో ఆడోళ్ళు ఎంతమంది ఉండారు?’ అని అడిగింది. తెలుసుకుంటానన్నాను. ‘తెలుసుకో మరి, పిలకాయలకు పాఠాలు చెప్తుండావు’ అంది.

ఆ శుక్రవారం మా ఆయన స్నేహితులు ఇద్దరు భోజనానికి వచ్చారు. అమ్మ ఉందని గ్లాసులు తియ్యడానికి మొహమాటపడుతుంటే అమ్మే తెచ్చి బల్ల మీద పెట్టి ఒక షరతు చెప్పింది. తాగే మగోళ్ళు తాగొచ్చు, ఆడదాన్ని లెయ్యమనకూడదు, నీళ్ళు అడగకూడదు, తాగినోడి కంచం, గ్లాసు తాగినోడే కడగాల. అమ్మ వెళ్ళిపోయి చాలా రోజులైంది. షరతు మాత్రం మా ఇంట్లో ఉండిపోయింది. ఇప్పుడు మా ఆయన స్నేహితుల్లో ఒకాయన రెండో గ్లాసు పోసుకోబోయేముందు సింకు వైపు చూసి, ఎన్ని కంచాలున్నాయో లెక్కపెట్టుకుని, ఒక్కోసారి మజ్జిగ అడుగుతాడు.